పేరు చెప్పని తిట్లు

మా కొలిమి విభాగంలో పార్టీ పత్రికను పైకి చదివే పని నెజిర్‌ది. గొంతు బాగుంటుందని కాదు, కళ్ళజోడు ఉన్నది ఆయన ఒక్కడికే. ఎల్బసాన్ ఉక్కు కర్మాగారంలో మధ్యాహ్నం భోజనాల వేళ అరగంట ఆయన చదవాలి, మేం వినాలి. నేను వింటూ ఓ కునుకు తీసేవాణ్ణి. అది కనిపెట్టి ఆయన కావాలని గొంతు పెంచేవాడు.

డెబ్భై ఏడు జూలైలో ఒకరోజు మాత్రం నాకు నిద్ర పట్టలేదు. మొదటి పేజీ నిండా ఒకటే వ్యాసం. ఎవరో విప్లవానికి ద్రోహం చేస్తున్నారట, దొంగ సిద్ధాంతాలు చెప్పి లోకాన్ని మోసం చేస్తున్నారట. ఆ ఎవరో ఎవరన్నది లేదు. దేశం పేరు లేదు, మనిషి పేరు లేదు. నెజిర్ చదవడం ముగించి, మిగతాది వెనకాల ఉందేమోనని కాగితం తిప్పి చూశాడు.

"ఎవర్ని అంటున్నారు బాబాయ్?" క్రేను నడిపే ద్రితా అడిగింది.

"శత్రువుల్ని."

"అది తెలుసులే. ఏ శత్రువుల్ని?"

"చదవడం నా పని. అర్థం చేసుకోవడం నీ పని."

అందరం నవ్వాం, ఆయన తప్ప. పక్క బల్ల మీద షెన్ రొట్టె తింటున్నాడు. మా చిన్న దేశానికి మిగిలిన ఒకే పెద్ద మిత్రదేశం చైనా నుంచి వచ్చిన కొలిమి మేస్త్రీ. ఆరేళ్ళుగా నెజిర్‌కు పని నేర్పింది ఆయనే. మా భాష వచ్చు కాబట్టి అంతా విన్నాడు. వచ్చే ఆదివారం నెజిర్ కొడుకు పెళ్ళి. విందులో తన పక్కనే కూర్చోవాలని నెజిర్ నెల క్రితమే షెన్‌ చేత ఒట్టు వేయించుకున్నాడు.

చైనాతో పొత్తు చెడుతోందని అప్పటికే గుసగుసలు. ఇక చూడండి ఆయన అవస్థ. ఆ తిట్లు చైనాకే అయితే, షెన్‌ని విందుకు పిలవడం కొడుకు ఉద్యోగానికే ఎసరు. చైనాకు కాకపోతే, మిత్రదేశం మనిషిని పిలిచి వద్దనడం అంతకన్నా పెద్ద నేరం. పైవాళ్ళను అడుగుదామా అంటే, నీకా అనుమానం ఎందుకు వచ్చిందని ఎదురు అడుగుతారు. అంతకుముందు రష్యాతో చెడి రష్యావాళ్ళు వెళ్ళిపోయిన ఏడాది, వాళ్ళతో ఫోటో దిగినందుకు మా మేనమామను శిక్షగా ఇటుకబట్టీకి పంపారు. నెజిర్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

ఆ రోజు నుంచి పప్పులో రాళ్ళు ఏరినట్టు పత్రికను వెతకడం మొదలుపెట్టాడు. మంగళవారం నాలుగో పేజీలో చైనా యంత్రాల మీద నాలుగు వాక్యాలు వచ్చాయి. "సోదర చైనా అన్నారు, చూశావా?" అంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. బుధవారం ఏమీ లేదు. గురువారం ఉత్త చైనా అన్నారు, సోదర లేదు.

"చోటు చాల్లేదేమో," అన్నాను.

"పక్కనే చక్కెరదుంపల మీద రెండు కాలమ్‌లు రాశారు కదరా."

ఇంట్లో ఆయన భార్య సనీయె రోజూ ఒకటే ప్రశ్న వేస్తోందట, మీ పక్కన షెన్‌కు కుర్చీ వేయనా, వద్దా అని. ఆయన రేపు చెబుతానంటున్నాడట. నాకు ఒళ్ళు మండింది.

"కొడుకు పెళ్ళికి నువ్వు పిలుస్తావా, పత్రికవాళ్ళు పిలుస్తారా?"

"నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు నెజిర్.

శనివారం పని దిగే వేళ షెన్ తనే వచ్చాడు. చేతిలో ఎర్ర పట్టు దిండు గలీబులు రెండు. నేను పక్కనే బూట్లు విప్పుకుంటున్నాను.

"కోడలికి," అని నెజిర్ చేతిలో పెట్టాడు. "రేపు నాకు కడుపునొప్పి వస్తుంది."

"రేపా?"

"రేపు పొద్దున్నే. రాత్రి దాకా తగ్గదు. మాకూ ఒక పత్రిక ఉంది, నెజిర్. దాంట్లోనూ పేర్లుండవు."

నెజిర్ ముఖం ఒక్కసారిగా తేటపడింది. షెన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేస్తూ, నీ మేలు మరిచిపోనన్నాడు. షెన్ తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటేదాకా నెజిర్ నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఆ గలీబులు ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"మా ఇంటికి రానన్న మనిషికి మొక్కానురా," అన్నాడు. "మాటవరసకైనా, పర్లేదు రమ్మనలేదు."

నాకు సిగ్గేసింది. వారమంతా ఆయన మీద ఎగిరినవాణ్ణి, అక్కడే నిలబడి నేనూ ఆ మాట అనలేదు.