షంషాద్ తోమిన నాణెం

చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు పూత వేసే షెడ్డులో షంషాద్ పని చేస్తుంది. రాగి, కంచు ఏది చేతికొచ్చినా ముందు యాసిడ్‌లో ముంచి, తర్వాత కుంకుడు నీళ్లతో తోముతుంది. ఎంత చిన్న ముక్కనైనా నోటితో ఊది, వెలుగులో తిప్పి చూసి గానీ కింద పెట్టదు. ఆమె భర్త ఖలీల్‌కు ఘంటసాల పొలంలో పంటబోదె తవ్వుతుంటే చింతగింజంత నాణెం దొరికింది. పచ్చని తుప్పులో రాజు ముఖం కనిపిస్తోందని అతను చెబితే వీధంతా నవ్వింది. “ఏం ఖలీల్ బావా, రాజుగారు కులాసానా?” అంటూ పోయిన ఏడు అతను చనిపోయేదాకా ఏడిపించారు. అది అబద్ధం కాదని ఒక్కరైనా చెబితే చాలని షంషాద్ ఆశ. చివరికి కాలేజీలో హిస్టరీ చెప్పే మేష్టారు చూస్తానన్నారు. పెద్దవాళ్లకు మురికిగా ఎలా చూపిస్తామని, ఆ ఉదయం దాన్ని కూడా యాసిడ్‌లో ముంచి, మెరిసేదాకా తోమి పట్టుకెళ్లింది.

మేష్టారు భూతద్దం పెట్టి రెండువైపులా చూశారు. నున్నగా ఉంది.

“ఒకప్పుడు ఘంటసాల రేవుకు రోము ఓడలొచ్చేవమ్మా. ఆ రాజుల చివరి కాలపు కంచు డబ్బులు ఈ సైజులోనే ఉంటాయి. కానీ ఇన్నేళ్ల తర్వాత బొమ్మ ఆ తుప్పులోనే మిగులుతుంది. నువ్వు దాన్ని తోమేశావు.”

షంషాద్ వంగి, భూతద్దం కింద నాణేన్ని చూసింది.

“పోనీ, మా ఆయన చూసింది నిజమేనని మా వీధిలో ఒక్క మాట చెప్పండి సార్.”

“నేను చూడలేదు కదమ్మా” అన్నారాయన, నాణెం ఆమె చేతిలో పెడుతూ.