రూఢి మాస్టారు అడగని ప్రశ్న

ఆయన జన్మలో ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా ఆఫీసులో అందరికీ మాస్టారే. సాయంత్రం నాలుగింటికి వీధిలోకి వచ్చే ఎనిమిది పేజీల చిన్న పత్రికలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయనది ఒకటే పని. విలేకరులు తెచ్చిన వార్త అచ్చుకు వెళ్లేముందు అందులో ఉన్నది నిజమో కాదో చూడటం. ఎవరేం రాసుకొచ్చినా కళ్లజోడు మీదుగా చూసి, "రూఢి చేసుకున్నావా నాయనా?" అనేవాడు. ఆ మాట అనీ అనీ చివరికి ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేకుండా పోయింది. రూఢి మాస్టారైపోయాడు.

ఆయనకో పద్ధతి ఉంది. దానికి ఆయనే పెట్టుకున్న పేరు 'రెండు నోళ్లు'. వార్తలో కనిపించిన ప్రతి వయసు కిందా, వీధి పేరు కిందా, అంకె కిందా నీలం పెన్సిలుతో గీత గీసేవాడు. ఆ తర్వాత ఫోను ముందేసుకుని కూర్చునేవాడు. ఒక మనిషి అవునంటే చాలదు. వేరేచోట ఉన్న రెండో మనిషి కూడా అవునంటేనే గీత పక్కన టిక్కు పడేది. లేదంటే ఎంత మంచి వార్తయినా సొరుగులో మగ్గాల్సిందే. కుర్ర విలేకరులు పళ్లు నూరుకునేవారు. "సూర్యుడు తూర్పున పొడిచాడని రాసిచ్చినా, నువ్వు సరే, ఇంకెవరు చూశారూ అంటాడురా ఈయన" అని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవారు.

ఇంట్లోనూ ఇదే వరస. పెళ్లిచూపులనాడు పిల్ల వయసెంతని మామగారిని అడిగి, తిరిగి వెళ్తూ పక్కింటావిడను కూడా అడిగిన ఘనుడు. "ఆవిడకి నా మీద కోపమొచ్చి ఓ రెండేళ్లు కలిపి చెప్పుంటే నా గతేమయ్యేదో" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకుంటాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ చాదస్తం ఎందరి పరువు కాపాడిందో లెక్కలేదు. అచ్చులో పడిన మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలుసు. అంత తెలిసినవాడి చేతుల మీదుగానే అలాంటి పొరపాటు జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒక రోజు మధ్యాహ్నం బడిలో భోంచేసిన పిల్లలు ఇరవై ముగ్గురు సాయంత్రానికల్లా వాంతులతో ఆసుపత్రిలో పడ్డారు. మర్నాడు విలేకరి పరుగున వార్త పట్టుకొచ్చాడు. బడిలో వంట చేసే ఆవిడ ముందురోజు మిగిలిన కూరను కొత్త కూరలో కలిపి వడ్డించిందట. మాస్టారు గీతలు గీశాడు. బడి హెడ్మాస్టరుకు ఫోను చేశాడు. "అవునండీ, ముందురోజు కూర కలిపింది" అన్నాడాయన. ఆసుపత్రి డాక్టరుకు చేశాడు. "అవును, పాత కూరే" అని ఆయనా అన్నాడు. ఒకరు బడిలో, ఒకరు ఆసుపత్రిలో. రెండు నోళ్లు పలికాయి. టిక్కు పడింది.

అప్పటికి టైము రెండూ పది. రెండున్నరకు పేజీలు మిషనుకు వెళ్లాలి. వంట చేసే ఆవిడను కూడా ఒక మాట అడిగితే బాగుండునని ఆయనకు అనిపించకపోలేదు. ఆవిడకు ఫోను లేదు. ఇల్లు ఆఫీసుకు పదినిమిషాల నడక. కుర్చీలోంచి సగం లేచాడు కూడా. ఇద్దరు చదువుకున్నవాళ్లు చెప్పాక ఇంకా ఏమిటిలే అనుకుని మళ్లీ కూర్చున్నాడు.

మొదటి పేజీలో, బడి వార్షికోత్సవం ఫోటోలో అందరి మధ్య నవ్వుతూ నిలబడ్డ ఆవిడ మొహాన్ని కత్తిరించి, పైన బొద్దు అక్షరాలతో వేశారు: 'పాత కూర వడ్డించిన వంటమనిషి'.

పిల్లలు కోలుకున్నారు. ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. ఊరు ఇంకో వార్తలో పడింది. మూడు వారాల తర్వాత ల్యాబు నివేదిక ఆయన బల్ల మీదికొచ్చింది. కూరలో ఏ దోషమూ లేదు. ఉన్నదంతా తాగిన నీళ్లలోనే. బడి మేడ మీది ట్యాంకుకు నెల రోజులుగా మూత లేదు, లోపల పావురం చచ్చి కుళ్లింది.

మాస్టారు వెంటనే డాక్టరుకు ఫోను చేశాడు.

"పాత కూరేనని మీరే కదండీ చెప్పారు?"

"నేనేం చూశానండీ? పిల్లల్ని ఆటోల్లో తీసుకొచ్చినప్పుడు హెడ్మాస్టరుగారే అన్నారు. మీరు అడిగారు, విన్నది చెప్పాను. నీకెలా తెలుసని మీరు అడగలేదుగా."

మాస్టారు ఫోను పెట్టేశాడు. ఆ రెండు నోళ్ల వెనకా ఉన్నది ఒకే నోరు. అదీ, ట్యాంకుకు మూత వేయించాల్సిన మనిషి నోరు. ఇన్నేళ్లూ ఎంతమంది చెప్పారో లెక్కపెట్టుకున్నాడే తప్ప, మీకెలా తెలుసని ఏ ఒక్కరినీ అడగలేదు. ఎన్ని వేల టిక్కులు పెట్టాడో, వాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో!

ఎడిటరు గదిలోకి వెళ్లి, "మొదటి పేజీలో, అదే చోట, అంతే పెద్దగా మన తప్పు వేయాలి" అన్నాడు.

"మన తప్పును మనమే చాటింపు వేసుకోవాలా మాస్టారూ?" అన్నాడు ఎడిటరు.

"వేసుకోవాలి. ఆవిడ తప్పు చాటింపు వేసినప్పుడు మనకి చోటు సరిపోయిందిగా!"

ఆయన గొంతు అంత పైకి లేవడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. అయినా దక్కింది నాలుగు లైన్లు. ఆరో పేజీలో, వాతావరణం కింద.

ఆ నాలుగు లైన్లూ కత్తిరించి జేబులో పెట్టుకుని, మూడు వారాల కిందట నడవాల్సిన ఆ పదినిమిషాలూ అప్పుడు నడిచాడు.

ఒంటిగది ఇల్లు. అరవై దాటిన మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఫోటోలో ఉన్న నవ్వు మొహం మీద ఎక్కడా లేదు. ఆయన తానెవరో చెప్పాడు, తప్పు తనదేనన్నాడు, నాలుగు లైన్లూ చదివి వినిపించాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"ఉద్యోగం పోతే పోయింది బాబూ. ఆ బడిలోనే నా మనవరాలు చదువుతుంది. రోజూ మొదటి గరిటె దాని కంచంలోనే వేసేదాన్ని. అదీ పడింది ఆసుపత్రిలో. ఇప్పుడు బాగానే ఉందంట. మా అమ్మాయి దాన్ని నాకు చూపించట్లేదు. గడప తొక్కొద్దంది. ఈ కాగితం మా అమ్మాయికోసారి చూపిస్తారా? నాకింకేం వద్దు."

ఆవిడకు కావలసింది అదొక్కటే. కూతురు తలుపు తీయాలి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఆ మాత్రం సాధించలేనా అనుకుంటూ మాస్టారు బయల్దేరాడు.

కూతురు బజారు వెనక వీధిలో, బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. మిషను ఆపి, కాగితం తీసుకుని, నిలబడే చదివింది. మడిచి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.

"పేపర్లో రాశారని నేను మా అమ్మను వదిలేశాననుకుంటున్నారా సార్? పేపరును నేను నమ్మలేదు. మా అమ్మ అలాంటిది కాదని పదిమందితో కొట్లాడాను. తర్వాత నేరుగా వెళ్లి తననే అడిగాను. అమ్మా, నువ్వు పాత కూర కలిపావా అని. లేదే అంటే అయిపోయేది. ఏమందో తెలుసా? 'కలిపానేమోనే' అంది!"

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా బిడ్డ నాలుగు రోజులు సెలైన్ మీదుంది సార్. కలిపానేమో అంటుందా! మీరు వేసింది తప్పన్నారు, సరే. మా అమ్మ తన నోటితో తను చెప్పింది కూడా తప్పేనా?"

మాస్టారు చేయాల్సిన పని ఆ అమ్మాయి చేసింది. అడగాల్సిన మనిషినే అడిగింది. అడిగి కూడా ఆయనలాగే తప్పు సమాధానం తెచ్చుకుంది. ఎలా?

అదే వీధుల్లోంచి వెనక్కి నడిచాడు. ఒంటిగది ఇంట్లో ఆవిడ ఎదురుచూస్తోంది. చాప వేసి ఉంది. ఆయన ఒక్కడే వచ్చాడు.

"అమ్మా, కలిపానేమో అని మీ అమ్మాయితో అన్నారట. ఎందుకన్నారు?"

ఆవిడ కొంగు చివర వేలికి చుడుతూ, విప్పుతూ చెప్పింది.

"అన్నాను బాబూ. నేను కలపలేదని మొదట్లో నాకు బాగా తెలుసు. మర్నాడు సాయంత్రం ఎదురింటావిడ పేపరు తెచ్చి చదివింది. నా ఫోటో కూడా ఉంది. చదువుకున్నవాళ్లు, అంత పెద్ద అక్షరాలతో, కనుక్కోకుండా వేస్తారా? నేనే మర్చిపోయానేమో అనుకున్నాను. వయసైపోయింది కదా. కళ్లు మూసుకుంటే ముందురోజు గిన్నె ఖాళీ చేసి కడిగినట్టే గుర్తొచ్చేది. ఇంకాసేపటికి అందులో కూర ఉన్నట్టు కూడా గుర్తొచ్చేది. మా అమ్మాయి వచ్చి అడిగేసరికి ఏది నిజమో నాకే తెలియలేదు. కన్నకూతురి దగ్గర అబద్ధం ఆడలేను కదా."

"మీరు కలపలేదమ్మా. ల్యాబువాళ్లు పరీక్ష చేసి రాసిచ్చారు. నీళ్లదే తప్పు. ఈసారి ఇది నిజం."

"మీరు మంచివాళ్లు బాబూ, ఇంత దూరం వచ్చి చెబుతున్నారు. నమ్మాలనే ఉంది." అంది ఆవిడ. "కానీ ఆ గిన్నె ఇంకా నా కళ్లముందు నిండుగానే కనిపిస్తోంది. నేనేం చేయను?"

రూఢి మాస్టారు రెండు చేతుల్తో మొహం కప్పుకుని భోరుమన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంట్లో, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆవిడ కంగారుగా లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది. ఇంకో గ్లాసు తెచ్చి, అందులోంచి కొన్ని నీళ్లు వంపుకుని, ఆయనకు కనిపించేలా ముందు తాను తాగింది.

"కాచి చల్లార్చినవే బాబూ" అంది. "నేను తాగాను, చూశారుగా. ఏం కాదు, తాగండి."