దురదకు పెట్టిన పథ్యం

మొదట కాళ్ల మీద రెండు పొక్కులు లేచాయి. దోమ కుట్టిందనుకుని గోకాను. అవి గట్టిపడి శనగగింజలంత అయ్యాయి. తర్వాత మోచేతుల మీదికీ వచ్చాయి. గోకితే రక్తం, మానితే నల్లమచ్చ, దాని పక్కనే ఇంకొకటి.

అప్పటికి నాకు పెళ్లయి కళింగపట్నం వచ్చి ఏడాది దాటింది. మావ, మా ఆయన సముద్రం మీద వేటకెళ్లేవారు. అత్త చేపలు ఎండబెట్టి శ్రీకాకుళంలో అమ్మేది. నేను ఇంట్లో మిషను కుట్టేదాన్ని. నా చేతులు చూశాక జాకెట్లు తెచ్చిచ్చేవాళ్లు తగ్గారు.

శ్రీకాకుళంలో ఒక డాక్టరు గజ్జి అన్నాడు. ఇంటిల్లిపాదీ మందు రాసుకున్నాం. నాకు తగ్గలేదు, ఇంకెవరికీ రాలేదు. ఇంకొకాయన ఎలర్జీ అని బిళ్లలు రాసి, చేపలు మానెయ్యమన్నాడు.

అత్త ఆ మాట పట్టుకుంది. "నీసు ముట్టకే. ఎలా తగ్గదో సూద్దాం" అని నాకు వేరే పప్పు వండేది. తనూ అదే వడ్డించుకునేది. పొద్దంతా ఆ వాసనలో ఉండొస్తే చేప తినాలనిపించదనేది. నేను నమ్మాను. పప్పు తిన్నా దురద దురదే.

చివరికి ఒక చర్మం డాక్టరమ్మ పొక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. మళ్లీ వెళ్లినప్పుడు చెప్పింది: "దీన్ని ప్రురైగో అంటారు. ఎందుకొస్తుందో అందరి విషయంలో తేల్చి చెప్పలేం. అంటుకోదు. గోకేకొద్దీ పెరుగుతుంది."

తోడొచ్చిన అత్త ముందుకు వంగింది. "మరి సేపలో, అమ్మా?"

"ఈమెకు చేపల వల్ల కాదు. తిననివ్వండి."

బయట ఆటో కోసం నిలబడ్డాక అత్త, "ఏటే ఇది! ఇన్నాళ్లూ నానూ తిన్నేదు" అంది.

"వాసన పడదన్నావు కదత్తా?"

"నీ ఎదర కూకుని ఎలా తింతాను? అందుకే అలా సెప్పినాను."

అత్త ఆటోకి చెయ్యెత్తింది. ఆ సాయంత్రం వంజరం పులుసు పెట్టింది. ఇద్దరం తిన్నాం. దురద పెరగలేదు, తగ్గనూ లేదు.

ఆ తర్వాత పూతమందు రాసి గుడ్డ చుట్టడం, గోళ్లు కత్తిరించుకోవడం అలవాటైంది. చేతుల మీదివి చాలావరకు అణిగాయి. పిక్కల మీద కొన్ని ఉండిపోయాయి. మొన్న వానాకాలం భుజం మీద కొత్తవి లేస్తే డాక్టరమ్మ బిళ్ల మార్చింది. దానితో నిద్ర పడుతోంది.