సవ్రినిసో అక్క ఎడమ కాలు

సవ్రినిసో అక్క నడిపే కరెంటు ట్రాలీబస్సులో నేను చాలా ఏళ్లు కండక్టరుగా పనిచేశాను. మా దుషాన్బే నగరమంతా వెతికినా అంత అనుమానపు మనిషి దొరకదు. సమోసా కొంటే విరిచి, లోపలి మాంసం వాసన చూశాకే నోట్లో పెట్టుకునేది. బ్రేకులు బాగుచేశామని డిపో మెకానిక్ చెబితే, అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని బస్సు నడిపి చూసేది.

కాలి విషయంలో ఆ అనుమానానికి కారణం ఉంది. రెండో కూతురు పుట్టిన వారంలో ఆమె ఎడమ కాలు తొడదాకా వాచింది. ఒక డాక్టరు బాలింత వాపన్నాడు, ఇంకొకాయన కీళ్లవాతమన్నాడు. ఇంట్లోవాళ్లు జలగలు పట్టించారు, గొర్రె కొవ్వు రాశారు. ఏం చేసినా సాయంత్రానికి కాలు దుంగలా అయ్యేది. చివరికి చీలమండ పైన చర్మం నల్లబడి పుండు పడింది. ఏడాది దాటినా మానలేదు.

ఆసుపత్రికి సిరల డాక్టరు కొత్తగా వచ్చాడని తెలిసి, నేనే ఆమెను బలవంతాన తీసుకెళ్లాను. ఉమర్‌షో అనే ఆ కుర్ర డాక్టరు కాలు చూసి, తర్వాత స్కానింగ్ మిషను పొత్తికడుపు మీద పెట్టాడు.

"నొప్పి కాల్లో ఉంటే కడుపు చూస్తావేంటి నాయనా?" అంది అక్క.

"కాల్లోని రక్తం పైకెళ్లే దారి ఇక్కడుందక్కా. కాన్పప్పుడు గడ్డకట్టిన రక్తం ఈ పెద్ద సిరను పూడ్చేసింది. లోపల స్టెంటు పెట్టి తెరవొచ్చు. సన్నటి లోహపు జాలీ గొట్టం అది."

"స్టెంటు గుండెకి కదా వేసేది? అక్కడ మిగిలిపోయినవి కాళ్లకి తోస్తున్నారా?"

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అతను ఇంకా ఏదో చెబుతుండగానే లేచి బయటికి నడిచింది.

వరండాలో కూర్చున్న ఒక పెద్దాయన లోపలి మా మాటలు విన్నాడు. "భయపడకు చెల్లెమ్మా, నా కాలికీ స్టెంటు వేశారు. బజారు గేటు దగ్గర పుచ్చకాయలమ్ముతాను, హోజీనజర్ అంటారు" అన్నాడు.

మెట్లు దిగుతూ అక్క నా చెవిలో, "సరిగ్గా మనం బయటికొచ్చేసరికే దొరికాడు చూశావా? ఆసుపత్రివాళ్లే కూర్చోబెట్టి ఉంటారు" అంది.

వారం తర్వాత చెప్పాపెట్టకుండా బజారుకు వెళ్లాం. హోజీనజర్ నిజంగానే పుచ్చకాయల గుట్ట వెనక నిలబడి ఉన్నాడు. అక్క నమస్కారమైనా పెట్టకుండా, "అన్నా, ఏదీ నీ కాలు చూపించు" అంది.

"మా ఆవిడ కూడా ఇంత దబాయించి అడగలేదు!" అంటూ ఆయన పంట్లాం పైకి మడిచాడు. పిక్క మీద పాత నల్ల మచ్చలున్నాయి. వాపు మాత్రం లేదు.

"ఒక్కసారితోనే బాగైపోయిందా?"

"ఎక్కడ? నెల తిరక్కుండా పూడిపోయింది. రక్తం పల్చబడే మాత్రలు మానేశాను, బాగయ్యాను కదా అని. మళ్లీ పడుకోబెట్టి తెరిచారు. ఆ కుర్రాడు నన్ను తిట్టిన తిట్లు మా నాన్న కూడా తిట్టలేదు."

ఇంటిదారిలో అక్క, "వాళ్లు కుదిర్చిన మనిషైతే పూడిపోయిందని చెప్పడు కదే" అంది.

మర్నాడు డాక్టరును నిలదీసింది. "పూడిపోతుందని నాకెందుకు చెప్పలేదు?"

"చెబుతూనే ఉన్నానక్కా, మీరు తలుపు దాటేశారు" అన్నాడతను. ఈసారి కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. పూడిన సిరలోంచి వైరు దూరకపోవచ్చు, పుండు మానడానికి నెలలు పట్టొచ్చు, సిరను వెడల్పు చేయడానికి లోపల చిన్న బెలూను ఉబ్బించేటప్పుడు నడుములో బాగా నొప్పి వస్తుంది. చెడ్డమాట ఒక్కోటి వినేకొద్దీ ఆమె ముఖం తేటపడింది.

స్టెంటు వేసే రోజున మత్తు పూర్తిగా ఇవ్వడానికి ఒప్పుకోలేదట. మెలకువగా ఉండి తెర వంకే చూసిందట. గజ్జ దగ్గర్నుంచి వెళ్లిన వైరు రెండు చోట్ల ఆగి, మూడోసారి దాటింది. బెలూను ఉబ్బినప్పుడు ఆమె అరిచిన అరుపు బయటున్న నాక్కూడా వినిపించింది. "చెప్పినచోటే నొప్పొచ్చింది" అని తర్వాత నాతో అంది. ఆమె నోట అదే పెద్ద మెచ్చుకోలు.

వాపు త్వరగానే తగ్గింది. పుండు మాత్రం డాక్టరు చెప్పినట్టే నెలలు తీసుకుని, కొద్దికొద్దిగా మూసుకుంది. బిగుతు మేజోడు తప్పలేదు, మాత్రలూ తప్పలేదు. ఆమె మళ్లీ స్టీరింగు పట్టింది.

తర్వాత పరీక్షకు వెళ్లినప్పుడు ఉమర్‌షో మళ్లీ పొత్తికడుపు మీద మిషను పెట్టి చూసి, "సిర తెరుచుకునే ఉందక్కా" అన్నాడు.

"ఏదీ?"

అతను తెర ఆమె వైపు తిప్పాడు. సిరలో రక్తం నీలంరంగు పాయలా కదులుతోంది.

"ఇది ఎవరి సినిమానో నాకేం తెలుసు?"

"ఊపిరి బిగబట్టండి."

ఆమె బిగబట్టింది. నీలంపాయ ఆగిపోయింది. వదిలేసరికి ఒక్కసారిగా పోటెత్తింది. అక్క డాక్టరు వంక చూసింది, నా వంక చూసింది. ఎవరూ చెప్పకుండానే మళ్లీ బిగబట్టి, మళ్లీ వదిలింది.

"చాలక్కా, బయట వేరే వాళ్లున్నారు" అన్నాడతను.

"ఉండు నాయనా" అంటూ ఆమె మరోసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.