ఎనుము కథను నేను చదివిన తీరు

మునిరత్నం రాసిన ఎనుము (గేదె) కథను పుంగనూరు కథల శిబిరంలో నేను కావాలనే చెడగొట్టి చదివాను. ఒక్క మాట మార్చలేదు, ఒక్క వాక్యం వదల్లేదు. అయినా చెడగొట్టాను. ఆ కథ అక్కడ ఎందుకు తేలిపోయిందని తర్వాత ఎనిమిదేళ్లపాటు ఎవరడిగినా తెలియనట్టే ఉండిపోయాను. మా కథల కూటమి గురించి ఈమధ్య కొందరు పాత సంగతులు రాస్తూ, మునిరత్నం బద్ధకం వల్లే రాయడం మానుకున్నాడని రాశారు. అది తప్పు. అసలు జరిగింది తెలిసినవాణ్ణి కాబట్టి నేనే చెప్పాలి.

1974లో నేను గ్రంథపాలకుడిగా మదనపల్లెకు బదిలీ అయి వచ్చాను. గ్రంథపాలకుడంటే పుస్తకాలిచ్చి పుచ్చుకునేవాడని చాలామంది అనుకుంటారు. ఆ రోజుల్లో మాకు ఇంకో పని కూడా ఉండేది. చదువురాని వాళ్లు సాయంత్రం వచ్చి కూర్చుంటే దినపత్రిక చదివి వినిపించాలి. బి.కొత్తకోట వైపు నుంచి చెనక్కాయలు వేసుకొచ్చిన రైతులు, బస్సు దొరక్క ఆగిపోయిన వాళ్లు, అలవాటుగా వచ్చే ముసలివాళ్లు ఒక ఇరవై మంది చేరేవాళ్లు. ధరలు మెల్లగా, రెండుసార్లు చదవాలి. చావు వార్తకు గొంతు దించాలి. నవ్వొచ్చే వార్తయితే మనం నవ్వకూడదు, ఆ మాట దగ్గర తలెత్తి ఒకసారి వాళ్ల మొహాల్లోకి చూస్తే చాలు, వాళ్లే నవ్వుతారు. పేరుకు ముందు ఊపిరి తీసుకోవాలి, పేరు తర్వాత తీసుకుంటే ఆ మనిషి తేలికైపోతాడు. ఇదంతా ఎవరూ నేర్పరు. వినేవాళ్ల మొహాలు చూసి నేర్చుకోవలసిందే.

ఈ గొంతు వల్లే కూటమిలో నాకు చోటు దొరికింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఈ మూడు ఊళ్లలో రాసేవాళ్లం కలిసి నెలకొక ఊళ్లో సమావేశమయ్యేవాళ్లం. పుంగనూరు ప్లీడరు వెంకటరమణప్పగారు అధ్యక్షుడు. మొదట్లో ఎవరి కథ వాళ్లే చదువుకునేవాళ్లు. అయితే అధ్యక్షులవారి కథను విమర్శించడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు, సభ్యుల్లో సగం మంది భూమి తగాదాలు ఆయన చేతిలోనే ఉండేవి. అది గమనించి ఆయనే ఒక పద్ధతి పెట్టారు. కథలు వారం ముందు నాకు చేరాలి. నేనే అన్నీ చదవాలి. రాసినవారి పేరు చెప్పకూడదు. అందరూ మాట్లాడేదాకా రాసినవాడు నోరు విప్పకూడదు, మొహంలో కూడా బయటపడకూడదు. చివర్లో నేను పేరు చెబుతాను. పద్ధతి మంచిదే. అందులో ఒక్క లోపం ఉంది. చదివేవాడు కూడా కథలు రాసేవాడే.

అప్పటికి నావి మూడు నాలుగు కథలు వారపత్రికల్లో వచ్చాయి. కూటమిలో నాది పెద్ద చెయ్యి అనుకునేవాళ్లు. నేనూ అనుకునేవాణ్ణి. ఆ స్థితిలో కుప్పం సమావేశానికి మునిరత్నం వచ్చాడు. గుడుపల్లె పశువైద్యశాలలో కాంపౌండరు. కూలిపని చేసే ఇంట్లో పుట్టి ఆ ఇంట్లో మొదటి జీతం తెచ్చినవాడు. నోరు ఆగని మనిషి. కథలన్నీ ఆఫీసులో వాడేసిన కాగితాల వెనకవైపు రాసేవాడు. "అన్నా, ముందుపక్క ఎద్దులకు మందు, ఎనకపక్క మనుసులకు మందు, తిరగేసి సదివేవు" అని నవ్వేవాడు.

అతని మొదటి కథ చదివిన రోజు జనం నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ఆ నవ్వు నా గొంతు వల్లే వచ్చింది. చివర పేరు చెప్పగానే అందరూ అతని వైపు తిరిగారు. నేను కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను. నా కథ చదివినప్పుడు "భాష చాలా బాగుండాది" అనేవాళ్లు. అతని కథకు ఎవరూ భాష మాట ఎత్తేవాళ్లు కాదు, "ఆ ముసిల్ది మా యత్తే పా" అని వాదులాడుకునేవాళ్లు. ఆ తేడా నాకు ముల్లులా గుచ్చుకునేది. అతను బస్సు తప్పిపోయి సమావేశానికి రాలేకపోతే బాగుండునని అనుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి. అంతలోనే అతను వచ్చి "అన్నా" అని పక్కన కూర్చునేవాడు. కుశలం అడిగేవాణ్ణి.

పుంగనూరు శిబిరం 1978 ఎండాకాలంలో జరిగింది. సెలవుల్లో బడి గదులు అడిగి తీసుకున్నాం. విజయవాడ నుంచి ఒక ప్రచురణకర్తను పిలిపించారు వెంకటరమణప్పగారు. రెండు రోజుల శిబిరం. మొదటిరోజు కథ ఎత్తుగడ, ముగింపుల మీద చర్చ. తర్వాత ఆయన పుస్తకం పని చెప్పారు. రాతప్రతి కాగితానికి ఒకవైపే ఉండాలన్నారు (మునిరత్నం వైపు చూసి అందరూ నవ్వారు), అంచు ఎంత వదలాలో, ఫారం అంటే పదహారు పేజీలని, ప్రూఫులో తప్పు ఎట్లా గుర్తించాలో బోర్డు మీద రాసి చూపించారు. చివర్లో అసలు మాట చెప్పారు. ఈ మూడు ఊళ్ల నుంచి ఒక్కరి కథలు పుస్తకంగా వేస్తాను, రేపు మీ పద్ధతి ప్రకారమే వింటాను, వినేముందు పేర్లు నాకూ వద్దు అన్నారు.

మాలో ఎవరికీ పుస్తకం లేదు. నాకప్పటికి నలభై తొమ్మిదేళ్లు. పుస్తకాల మధ్య బతుకుతూ నా పేరున్న పుస్తకం ఒక్కటీ బీరువాలో లేకపోవడం నాకెంత బాధో ఎవరితోనూ అనలేదు. మునిరత్నం మాత్రం అందరితో అన్నాడు. "ఒక్క పుస్తకం రానీ, మా నాయనకు సదువు రాదు గానీ అట్ట మీద నా పేరు తడివి సూసుకుంటాడు" అన్నాడు.

అతను పంపిన ఎనుము కథ నాకు అంతకు వారం ముందే అందింది. వంటింటి గడప దగ్గర కూర్చుని అలవాటు ప్రకారం గొంతెత్తి చదువుకున్నాను. కథ ఇది. ఒక ముసలమ్మ ఎనుము చచ్చిపోతుంది. ఆమె ఊళ్లో ఇంటింటికీ పోయి ఆ సంగతి చెబుతుంది. ఒక ఇంట్లో దాన్ని తిడుతుంది, ఒక ఇంట్లో దాని చేష్టలు చెప్పి నవ్విస్తుంది, ఇంకో ఇంట్లో అదెంత పాలిచ్చేదో గొప్పలు పోతుంది. చివరికి, ఏళ్ల తరబడి మాటల్లేని చెల్లెలి ఇంటికి పోయి వాకిట్లో నిలబడుతుంది. ఎనుము మాట ఎత్తదు. "రొంత మజ్జిగ ఉండాదా మ్మే?" అంటుంది. అంతే, కథ అయిపోతుంది.

అనపకాయలు వలుస్తున్న నా భార్య ముందు పడీపడీ నవ్వింది. చివరి మాటకు చెయ్యి ఆపేసింది. కాసేపటికి, "ఇది మన కత కాదు గదా?" అంది.

"యాల?"

"ఊరికే అడిగినా."

మళ్లీ కాయలు వలవడం మొదలుపెట్టింది. ఆ వారమంతా ఆ మాటే నా చెవిలో మోగింది.

శిబిరం రెండోరోజు ఉదయం ఆ కథ చదివాను. నవ్వు రావలసిన చోట తలెత్తలేదు. ముసలమ్మ మాట్లాడే మాటల్ని పాఠం ఒప్పజెప్పినట్టు ఒకే వరసలో చదివాను. విజయవాడ ఆయనకు మా యాస కొత్త. నేను మామూలుగా చదివితే గొంతులోని ఎత్తుపల్లాలే ఆయనకు అర్థం చెప్పేవి. అవి తీసేశాను. చెల్లెలి వాకిలి దగ్గరకు రాగానే ఆగి మంచినీళ్లు తాగాను. తర్వాత ఆ వాకిలి, ఆ నిలబడటం, ఆ చివరి మాట అన్నీ ఒకే ఊపిరిలో చదివేసి కాగితాలు కింద పెట్టాను.

ఎవరూ కదల్లేదు. ఇంకా ఉందనుకున్నారు.

"అయిపోయిందా?" అన్నారు ప్రచురణకర్త.

"అయిపోయిందండీ" అన్నాను.

వెనక వరసలోంచి ఎవరో, "ఎనుమూ సచ్చె, కతా సచ్చె" అన్నారు. గదంతా గొల్లుమంది. నియమం ప్రకారం మొహంలో బయటపడకూడదు కాబట్టి అందరితోపాటు మునిరత్నమూ నవ్వాడు, అందరికంటే గట్టిగా. ఒకరు మజ్జిగకూ ఎనుముకూ ఏం సంబంధమన్నారు. ఇంకొకరు చెల్లెలి పాత్ర అనవసరమన్నారు. అధ్యక్షులవారు "వస్తువు ఉండాది గానీ పట్టు లేదు" అని తేల్చారు. నేను పేరు చెప్పాను. మునిరత్నం లేచి చేతులు జోడించి, "నేనేనప్పా ఆ ఎనుమును సంపింది, మన్నించండి" అన్నాడు. మళ్లీ నవ్వారు.

మధ్యాహ్నం నా కథ చదివాను. ఎక్కడ గొంతు దించాలో, ఎక్కడ ఆగాలో, ఒక్కటీ తప్పలేదు. ప్రచురణకర్త కళ్లు తుడుచుకున్నారు. పుస్తకం నాకే వచ్చింది.

ఇంతవరకు చేసింది ఒక తప్పు. దానికంటే పెద్దది సాయంత్రం బస్టాండులో చేశాను. పలమనేరు బస్సు కోసం మునిరత్నం, మదనపల్లె బస్సు కోసం నేను నిలబడి ఉన్నాం. అతను మామూలుగా మాట్లాడటం లేదు. నా పుస్తకానికి సంతోషమని చెప్పి, కాసేపటికి అన్నాడు.

"నువ్వు సదివినా గూడా నిలబడలేదంటే కతలోనే సత్తువ లేదన్నా. నేనేమో శానా బాగుండాదనుకున్యా. నా సెవే మోసం సేసిండాది."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట చాలు. నేనేమన్నానంటే, "మన మాటలు బయటోళ్లకు ఎక్కవు లేప్పా. పుస్తకాల భాషలో రాసి సూడు" అన్నాను. అతను తలూపాడు. అతని బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

నా సలహా పాటించాడు. తర్వాతి కథ కాగితానికి ఒకవైపే, అంచు వదిలి, గుండ్రటి అక్షరాలతో వచ్చింది. అందులో ముసలమ్మలు విచారవదనంతో నిట్టూర్చారు. ఆ కథను నేను నిజాయితీగానే చదివాను, నా చేతనైనదంతా పెట్టాను. లేవలేదు. ఇంకో రెండు పంపాడు, అవీ అంతే. ఆ తర్వాత పంపలేదు. కొన్నాళ్లకు సమావేశాలకు రావడమూ మానేశాడు. "మునిరత్నమా? మంచి చెయ్యే, సోమరిపోతు" అనేవారు వెంకటరమణప్పగారు. నేను ఔననేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాకు పశ్చాత్తాపం లేదు. తేలిగ్గా ఉండేది.

యాభై ఐదేళ్లకే పదవీ విరమణ అని ప్రభుత్వం తేల్చినప్పుడు బయటికి వచ్చిన వాళ్లలో నేనొకణ్ణి. అప్పటికి నేనూ రాయడం ఆపేశాను. రాయడం పోయాక అసూయ పోయింది. అసూయ పోయాకే నేను చేసిన పని నాకు సరిగ్గా కనబడింది. ఇది చెప్పుకోవడానికి గొప్ప సంగతేమీ కాదు గానీ జరిగిన క్రమం అదే.

1986లో ఒక ఉదయం కుప్పం వెళ్లి, అక్కణ్ణుంచి గుడుపల్లె బస్సు ఎక్కాను. మునిరత్నం వైద్యశాల వాకిట్లో ఒక దూడ మెడ పట్టుకుని వెదురుగొట్టంతో మందు తాగిస్తున్నాడు. జుట్టు నెరిసింది. "లైబ్రరీ అన్నా! దారి తప్పినావా ఏం?" అన్నాడు. దూడ తాలూకు రైతు వెళ్లేదాకా ఆగి, నిలబడే అంతా చెప్పాను. ఎక్కడ తలెత్తలేదో, ఎక్కడ నీళ్లు తాగానో, బస్టాండులో ఎందుకు ఆ సలహా ఇచ్చానో చెప్పాను.

అతను చేతిలో వెదురుగొట్టం కడుగుతూనే ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"అంటే ఆ కత బాగానే ఉండిందా?"

"బాగుండింది. నేనెప్పుడూ అట్లాంటిది రాయలేదు."

"మా నాయన పోయి మూడేండ్లాయ" అన్నాడు. గొట్టం పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. "దూడకు తప్పు మందు పోసినా మర్నాటికి నేనే పోయి సెప్తాను. నీకు ఇన్నేండ్లు పట్టిందే సామీ!" గొంతు పెరిగింది. లోపలి నుంచి డాక్టరుగారు తొంగి చూశారు. కాస్త తగ్గి, "నాతో సెప్పి ఏం లాభం? ఆ పొద్దు నవ్వినోళ్లుండారే, వాళ్లకు సెప్పుపో" అని లోపలికి వెళ్లిపోయాడు. నన్ను కూర్చోమనలేదు.

ఆ తర్వాత వచ్చిన సమావేశం పుంగనూరులోనే. శిబిరానికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, వెంకటరమణప్పగారూ ఉన్నారు. మునిరత్నం రాలేదు. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒక్కటే, దాన్ని నియమంగా పెట్టమని ముందు అడిగాను. ఇతరుల రాతలు చదివి వినిపించే పని ఒప్పుకున్నవాడు తన రాతను అదే చోట పోటీకి పెట్టకూడదు. గొంతు మీద అదుపున్నవాడికి ఆ పని ఇస్తే అతని మనసు మీద కూడా నమ్మకం పెట్టుకోవలసి వస్తుంది, అంత నమ్మకం ఎవరి మీదా పెట్టకూడదు. ఎందుకని అధ్యక్షులవారు అడిగారు. అప్పుడు లేచి నిలబడి చెప్పాను.

"మునిరత్నం ఎనుము కథ విని ఈ ఊళ్లోనే మీరు నవ్వినారు. మీరు విన్నది ఆ కథ కాదు. ఓర్వలేక, పుస్తకం నాకే రావాలని, కావాలనే చెడగొట్టి చదివినాను. అతను సోమరి కాదు. అతను రాయడం మానుకోవడానికి కారణం నేను. అతనికి చెప్పుకున్నాను, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. నాది తప్పు, క్షమించండి."