మాలిమి అయ్యాడనుకున్న పచ్చోడు

2023 వేసవి. మాచర్లలో నేను పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవి గేదెలు, గొర్రెలు, మధ్యలో ఒకటీ అరా కుక్క. పక్షుల మీద నాకున్న కాస్త జ్ఞానం చదువుకునే రోజుల్లో హాస్టల్ గదిలో పెంచిన పిట్టల జంట వల్ల అబ్బింది. మే నెలలో మా ఊరి మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు గడప దాటరు. అలాంటి ఎండలో నాగరత్నమ్మ గారు ఆటో దిగి, పంజరం మీద తడి తువ్వాలు కప్పి లోపలికి వచ్చారు.

నాగరత్నమ్మ గారిది బజార్లో ఎండుమిరపకాయల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా ఇంటికి కారం వాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది కాబట్టి ఆవిడ నాకు పిన్నిగారు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పంజరం బల్ల మీద పెట్టి, పెద్ద ఘనకార్యం చెప్పబోతున్నట్టు కూర్చున్నారు.

"గోళ్ళు పెరిగినయ్యమ్మా, కాస్త తీయండి. ఇదివరకైతే చెయ్యి పెడితే రక్తం కళ్ళజూసేవాడు. ఇప్పుడు చానా మంచోడయ్యాడులే. అరుపు లేదు, కొరుకుడు లేదు. అరచేతిలో పెట్టుకుంటే ఉండలాగా కూర్చుని నిద్రపోతాడు. మాలిమి అయిపోయాడు."

తువ్వాలు తీసి చూశాను. పచ్చటి మగ బడ్జీ. మా వైపు అందరూ వీటిని లవ్ బర్డ్స్ అనే అంటారు. వీడి పేరు పచ్చోడు. నిజంగానే ఉండలా ఉన్నాడు. ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, రెండు కాళ్ళ మీదా బరువేసి కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. దీన్ని మేం టెయిల్ బాబింగ్ అంటాం. ఊపిరి కోసం ఒళ్ళంతా పాటుపడుతోందని దాని అర్థం. వేలితో రొమ్ము తడిమితే ఎముక కత్తి అంచులా తగిలింది.

ఆరోగ్యంగా ఉన్న బడ్జీ అంటే అల్లరే. తెల్లారకముందే కిచకిచ మొదలెడుతుంది. ఈకలు ఒంటికి అంటుకుని నున్నగా ఉంటాయి. కునుకు తీసేటప్పుడు ఒక కాలు పొట్టలోకి ముడుచుకుంటుంది. పొద్దుగూకే వేళ ముక్కు కరకరలాడిస్తుంది. ఆ చప్పుడు విని భయపడి ఫోన్ చేసేవాళ్ళున్నారు గానీ, అది హాయిగా ఉందనడానికి గుర్తు. ఈకలు గంటల తరబడి ఉబ్బించుకుని కూర్చుందంటే మాత్రం, మనం జ్వరమొచ్చి దుప్పటి కప్పుకున్నట్టే. పైగా పక్షి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. నీరసంగా కనపడ్డ పిట్టనే గద్ద ముందు ఎత్తుకుపోతుంది గదా. పంజరంలో పుట్టినా ఆ భయం పోదు. కొరికే పక్షి ఉన్నట్టుండి కొరకడం మానేస్తే అది మాలిమి కాదు, కొరికే ఓపిక లేకపోవడం.

"పిన్నిగారూ, వీడికి గోళ్ళు కాదు, ప్రాణమే తేడాగా ఉంది" అన్నాను.

ఆవిడకు కోపమొచ్చింది. "ఏందమ్మా ఆ మాట? శుభమా అని తీసుకొస్తే. పొద్దున కూడా నా చేతిలో ఎంత ముద్దుగా పడుకున్నాడో."

"మీ మాటకు పలుకుతున్నాడా?"

ఆవిడ పంజరం కడ్డీ పట్టుకుని గొంతు తగ్గించి చెప్పారు. భర్త కోటేశ్వరరావు గారికి ఆ ముందటేడు గొంతులో క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. ఒకప్పుడు ఆయన గొంతు విప్పితే బజారు ఆ చివరిదాకా వినపడేది. ఇప్పుడు మాట లేదు. నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తే పచ్చోడు అదే చప్పుడుతో జవాబిచ్చేవాడు. రోజంతా వాళ్ళిద్దరికీ అదే కబుర్లు. ఈ మధ్య పచ్చోడు పలకడం మానేశాడు.

"నామీద విసుగొచ్చింది వాడికి, అని పలక మీద రాసి చూపించాడమ్మా మీ బాబాయి. అప్పట్నుంచి ఆయన కూడా పిలవడం మానేశాడు. అన్నం కూడా సగమే. అయినా ఆపరేషన్ అయినకాడ్నుంచి చానా నెమ్మదిలే. ఒక కోపం లేదు, ఒక విసురు లేదు. దేవుడల్లే కూర్చుంటాడు."

ఈ పక్షిని పోనివ్వకూడదని అక్కడే అనుకున్నాను. పచ్చోడి గొంతు పోవడం కూడా వాడి జబ్బు లక్షణమే కావచ్చని అప్పుడే తట్టింది. హైదరాబాదులో పక్షుల వైద్యం చేసే నా క్లాస్‌మేట్‌కి వీడియో పంపాను. ఆవిడ ఒకటే అడిగింది: "పంజరం ఎక్కడుంటుందో చూశావా?"

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. వెనక వరండాలో పంజరం వేలాడే చోట మూడు వైపులా తడి గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. ఎండాకాలం మా ఊళ్ళో అది మామూలే. కిటికీకి కడతారు, నీళ్ళ కుండకు చుడతారు. కాకపోతే ఇవి టిక్కీలు, అంటే మిరపకాయలు కూరే సంచులు. పట్టా మడత విప్పితే లోపల నల్లగా బూజు, దాని మీద ఎర్రటి పొడి. నాకు వరసగా తుమ్ములొచ్చాయి.

"ఇవి తీసేయాలి పిన్నిగారూ."

"మిరపకాయలు చిలకలు తింటాయమ్మా, ఊరంతటికీ తెలుసు. చిలక జాతికి కారం ఏం చేస్తది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు కూర్చున్నారు. నిజానికి ఆవిడ మాటలో సగం నిజముంది. పక్షి నాలుకకు మిరప మంట తెలియదు. అందుకే ఎండుమిరపకాయ కొరికి గింజ తినగలదు. అయితే వీడికి ముప్పు కారంతో కాదు. బూజుతో, దుమ్ముతో. రోజూ తడిపిన గోనెలో బూజు పుడుతుంది. దాని పొడి గాలిలో కలిసి పక్షి ఊపిరితిత్తుల్లోకి, వాటికి అంటుకునుండే గాలి సంచుల్లోకి, పలుకు పుట్టే చోటికీ చేరుతుంది. దాన్ని యాస్పర్‌జిల్లోసిస్ అంటాం. అక్కడ దాన్ని తేల్చే పరీక్షలు నాకు అందుబాటులో లేవు. లక్షణాలన్నీ అటే చూపిస్తున్నాయి, ఆగితే పక్షి దక్కదు, కాబట్టి మందు మొదలెడతానని ఉన్నమాట చెప్పాను.

నాగరత్నమ్మ గారు కొడవలి తెచ్చి పట్టాల తాళ్ళు తెగ్గోశారు. "చల్లగా ఉంటాడని నేనే కట్టానమ్మా" అని ఒక్కసారే అన్నారు.

బూజుకు మందు చుక్కలు, దాంతో పాటు నెబ్యులైజర్ పెట్టాలి. నెబ్యులైజర్ అంటే మందును ఆవిరిలా చేసే మిషన్. కోటేశ్వరరావు గారి ఆపరేషన్ తర్వాత కొన్నది వాళ్ళింట్లోనే ఉంది. కొట్లో సరుకు పోసే పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు చిల్లులు పెట్టి, పచ్చోణ్ణి అందులో కూర్చోబెట్టి, ఆవిరి లోపలికి పంపే ఏర్పాటు చేశాను. అంతసేపూ కోటేశ్వరరావు గారు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు.

"బాబాయిగారూ, పిన్నిగారికి కొట్టుంది. ఇది మీ పని. పొద్దునా సాయంత్రం ఆవిరి పెట్టాలి. వాడు తిన్నాడా, రెట్ట ఎలా ఉంది, తోక ఊగుతోందా, నాకు మెసేజ్ పెట్టాలి. వాడికి మీ మీద విసుగు లేదు. మీకు లాగే వాడికీ గొంతు పోయింది."

ఆయన వచ్చి డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి మెసేజ్ ఒక్క పూట తప్పలేదు.

వారం తిరక్కముందే మొదటికి మోసం వచ్చింది. నేను ఊరి బయట ఒక గేదెకు ఈనడం కష్టమైతే మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపల దూడను సర్దుతున్నాను. ఫోన్ పదే పదే మోగుతోంది. పని అయ్యాక ఎత్తితే ఏదో బర్రుమని శబ్దం. నెట్‌వర్క్ గోల అనుకుని పెట్టేశాను. మళ్ళీ మోగింది. ఈసారి ఆ బర్రుమనే శబ్దంలోంచి ముక్కలు ముక్కలుగా మాటలొచ్చాయి.

"డాక్టరమ్మా... పచ్చోడు... కింద పడ్డాడు... నోరు... తెరిచి..."

కోటేశ్వరరావు గారు. గొంతు పోయినవాళ్ళకు మెడకు ఆనించుకుని మాట్లాడే చిన్న మిషన్ ఒకటుంటుంది. ఆపరేషన్ చేసినచోట ఇచ్చారట. ఆ గొంతు విని జనం నవ్వుతారని ఆయన బయటికే తీయలేదని తర్వాత తెలిసింది. అప్పుడు అవేవీ అడిగే సమయం కాదు.

"వాడు ఎక్కడున్నాడు?"

"నా... చేతిలో... గుండెకు..."

"దింపండి బాబాయిగారూ. పక్షి రొమ్ము ఆడితేనే దానికి ఊపిరి. గట్టిగా పట్టుకుంటే ఆగిపోద్ది."

"మనసు... రావట్లా..."

"మనసు తర్వాత. డబ్బాలో పెట్టండి. ఆవిరి వెయ్యండి. నోట్లో నీళ్ళు పోయొద్దు. గది చీకటి చేసి పక్కన కూర్చోండి. పెట్టారా? నాకు చెప్పండి."

"పె...ట్టా."

ఫోన్ పెట్టేయనివ్వలేదు. బండి వెనక కూర్చుని ఊళ్ళోకి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నారు. నేను వెళ్ళేసరికి గది తలుపు దగ్గర నాగరత్నమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. పక్షి కోసం ఏడుస్తున్నారనుకున్నాను గానీ, ఆవిడ చూపు మెడకు మిషన్ ఆనించుకున్న ఆయన మీదే ఉంది. లోపల డబ్బాలో పచ్చోడు రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. నోరు మూసుకుని ఊపిరి తీస్తున్నాడు.

కోలుకోవడానికి వానలు పడేదాకా పట్టింది. ముందు ఈకలు నున్నబడ్డాయి. తర్వాత కొర్రల కంకి మీద పడి తినడం మొదలెట్టాడు. ఒక సాయంత్రం ముక్కు కరకరలాడిస్తున్న శబ్దం రికార్డు చేసి కోటేశ్వరరావు గారు పంపించారు. దాని కింద ఏమీ రాయలేదు. ఆ రోజు నాకు నిజంగా సంతోషమేసింది. పలుకు మునుపటంత రాలేదు, కాస్త జీరగానే ఉండిపోయింది. అయినా పిలిస్తే జవాబిస్తాడు.

కొన్నాళ్ళకు నాగరత్నమ్మ గారు పంజరం లేకుండా ఆసుపత్రికి వచ్చారు. మొహం ఎర్రగా ఉంది.

"ఏమైంది పిన్నిగారూ? పచ్చోడు బాగున్నాడా?"

"వాడికేం, దుక్కలా ఉన్నాడు." కుర్చీలో కూలబడ్డారు. "మీ బాబాయి ఇయ్యాల నన్ను తిట్టాడమ్మా. కొట్లో, అందరి ముందూ. మంచి కాయలో రంగుపోయిన తాలు కాయ కలిసిపోయిందని, ఆ మిషన్ మెడకు పెట్టుకుని మరీ తిట్టాడు. నీకు కళ్ళు కనపడట్లేదా అన్నాడు."

ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహమేమో నవ్వుతోంది.

"ఇన్నాళ్ళూ నెమ్మది అయ్యాడని గుడికి పోయి దండం పెట్టుకున్నానమ్మా. నాకు తెలియలా."

అప్పట్నుంచి ఎవరు ఏ జీవాన్ని తెచ్చినా దానికి జబ్బేంటని ముందు అడగను. ఈ మధ్య అది ఏం చేయడం మానేసిందని అడుగుతాను.