మత్తులో వేసిన కేక

పోయినేడు తుంటి ఎముక విరిగి హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకున్నాను. మత్తు ఇచ్చే డాక్టరమ్మ నా నుదుటి మీద ఒక పట్టీ అంటించింది. దాని తీగ పక్కనున్న తెరకు పోతుంది.

"మీ మెదడులో పుట్టే కరెంటు ఇందులో అలల్లాగా కనబడుతుంది తాతగారూ. ఎంత లోతుగా నిద్రపోయారో దీన్ని చూసి తెలుసుకుంటాం. మధ్యలో మెలకువ రానివ్వం" అంది.

"నిద్రలో నేనేమైనా మాట్లాడతానా అమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వి, "మాట్లాడరు, భయపడకండి" అంది. అది భయం కాదు. ఎప్పటిదో సిగ్గు.

నిజాం పాలన చివరి రోజులవి. నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా ఊళ్లో, సర్కారు బడిలో నేను పంతులును. మా వాడలో చదువుకున్న మొదటివాణ్ణి. మా బాపు దొర ఉండే గడీలో వెట్టి చేసేవాడు. దొర బండి కదిలితే దాని ముందు ఉరుకుతూ, కేకలు వేస్తూ, బాట మీది జనాన్ని పక్కకు తప్పించడం ఆయన పని. ఆయనకు జ్వరమొస్తే చిన్నప్పుడు నేను ఉరికేవాణ్ణి. మిషన్ బడిలో చేరాక నాకా పని తప్పింది. తాలూకా ఊళ్లో ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. షేర్వాణీ వేసుకుని పోతుంటే కొట్లవాళ్లు "మీరు" అని పిలిచేవారు. ఆ పిలుపు కోసం చుట్టుదారి అయినా బజారు మీదుగానే బడికి పోయేవాణ్ణి.

ఒకనాడు కడుపులో కుడిపక్క నొప్పి పుట్టి, నిలబడలేక కూలబడ్డాను. మిషన్ దవాఖానలో చేర్చుకుని, కొయ్యక తప్పదన్నారు. కబురు విని బాపు ఊరి నుంచి నడిచి వచ్చాడు. వార్డును ఆనుకునే ఉన్న ఆపరేషన్ గది బయట వసారాలో కింద కూర్చున్నాడు.

నర్సమ్మ నా ముక్కు మీద తీగతో అల్లిన చిన్న బుట్టలాంటిది పెట్టి, దానిపై గుడ్డ కప్పి, సీసాలోంచి ఈథరు చుక్కలు వదిలింది. గొంతు పట్టేసే తీపి ఘాటు. అప్పుడు అలలూ లేవు, తెరలూ లేవు. మనిషి ఎంత లోతుకు పోయాడో ఆమే కనిపెట్టాలి. ఊపిరి వింటుంది, కనుపాప చూస్తుంది, రెప్ప వెంట్రుకలను వేలితో తాకి చూస్తుంది.

"లెక్కవెట్టుండ్రి సారూ" అంది. నేను బడిలో చెప్పే ఉర్దూలోనే మొదలుపెట్టాను. ఏక్, దో, తీన్... ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

వాంతి చేసుకుంటూ లేచాను. వార్డులో ఉన్నాను. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒక కిరాణా కొట్టాయన. మా బజారువాడే.

"ఏందయ్యా పంతులూ, దొర బండి వోయిందా? నువ్వింక ఉరుకుడు బంజెయ్యి" అన్నాడు. వార్డంతా నవ్వింది. మాటలకన్నా ముందు ఆ "నువ్వు" తగిలింది.

నర్సమ్మను పిలిచి ఏం జరిగిందని అడిగాను. ఆమె దుప్పటి సర్దుతూ మెల్లగా చెప్పింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ. మత్తు సగం ఎక్కినంక మీ కాళ్లు ఉరికినట్టే కొట్టుకున్నయి. 'దొర బండొస్తాంది, తొలగుండ్రి! తొలగుండ్రి!' అని ఒకటే కేక. ఇద్దరం వట్టుకున్నా ఆగలే. మెదడు ఒక్కపారే నిద్రవోదు. పెద్దగై నేర్చుకున్నది ముందుగాల పండుకుంటది. అడుగున ఉన్నది జర సేపు లేచి తిరుగుతది. కొందరైతే బూతులు తిడ్తరు."

బూతులు తిట్టినా బాగుండేది అనుకున్నాను.

సాయంత్రం బాపు నా పక్కన కూర్చుని తడిగుడ్డతో పెదవులు అద్దుతున్నాడు. నీళ్లు తాగనియ్యలేదు ఇంకా. ఆయన ముఖం చూడలేక పైకప్పు చూస్తూ అడిగాను.

"బాపూ, నువ్వు గూడ విన్నవా?"

గుడ్డ ఆగింది.

"విన్న. ఇని లేచి నిలవడ్డ బిడ్డా. నెత్తి రుమాలు దీసి చేతుల వట్టుకున్న. గోడకు జరిగి తల వంచుకున్న. ఎంత సేపటికీ బండి రాకపాయె. తలెత్తి జూస్తే దవాఖాన. అప్పుడు ఎరుకైంది, అది నీ గొంతని."

ఆయన గొంతులో కోపం లేదు. తప్పు చేసి దొరికిపోయినట్టు చెప్పాడు. వార్డంతా విన్నది నా కేకను. ఆయన లేచి నిలబడటం ఎవరూ చూడలేదు. అయినా నాకు చెప్పాడు. నేను గోడవైపు తిరగాలనుకున్నాను గాని కుట్లు తిరగనియ్యలేదు.

మర్నాడు నర్సమ్మ వస్తే బాపు లేచి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, నాకెప్పుడన్న రోగమొస్తే గా మందియ్యకుండ్రి. వీడు పోరడప్పుడు నాలుగు దినాలు ఉరికిండు, గంతే. నేను ముసలోణ్ణయ్యేదాక ఉరికిన. నా లోపల్నుంచి ఏమేమొస్తదో."

ఆమె నవ్వులాటకు అన్నాడనుకుంది. బాపు నవ్వలేదు.

బడికి తిరిగి పోయేసరికి ఆ "నువ్వు" నాకంటే ముందే బజారంతా పాకి ఉంది. కాలువగట్టు మీదుగా బడికి పోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు బాపుకు గజ్జల్లో పేగు జారింది. బరువెత్తితే విలవిలలాడేవాడు. కోసి సరిచేస్తారు, దవాఖానకు పోదాం పా అన్నాను.

"వద్దు బిడ్డా. పదిమంది నడుమ నిద్రవోను" అన్నాడు.

ఎవరూ నవ్వరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మందపాటి గుడ్డ కొనిచ్చాను. అదే బిగించి కట్టుకుని తిరిగాడు. దొరల మీద జనం తిరగబడ్డ గొడవలు ముదిరి దొర గడీ వదిలిపెట్టి పట్నం పారిపోయాడు. అప్పుడు, దవాఖానకు పోదామా అని మళ్లీ అడిగాను. బాపు తల అడ్డంగా ఊపి, నడుముకు గుడ్డ బిగించుకున్నాడు.